ఆయా అక్కలు, వంటింటి అన్నలు: కొండమీది క్రైస్తవ బళ్లలో అపోహలు - వాస్తవాలు

మాది గుంటూరు. పదకొండేళ్లుగా తమిళనాడు కొండల్లోని ఒక అంతర్జాతీయ క్రైస్తవ బోర్డింగ్ స్కూల్లో హాస్టల్ వార్డెన్‌గా ఉన్నాను. కూనూరులో 1899లో, కొడైకెనాల్‌లో 1901లో మిషనరీల పిల్లల కోసం ఇలాంటి బళ్లు మొదలయ్యాయి. ఇప్పుడు మన తెలుగు పిల్లలు కూడా వీటిలో చదువుతున్నారు. అక్కడి సిబ్బంది గురించి తల్లిదండ్రులు, కొత్త టీచర్లు నాతో తరచూ అనే మాటలివి.

అపోహ: ఆయా పనికీ పిల్లల చదువుకీ సంబంధం లేదు.

వాస్తవం: ఇంటిమీద బెంగ మార్కుల కంటే ముందు దుప్పట్లో తెలుస్తుంది. ఒక ఏడాది ఆరో తరగతి బాబు ఒకడు క్లాసులో బాగానే ఉన్నాడని టీచర్లందరూ రాశారు. బట్టలు ఉతికే అక్క మాత్రం నన్ను పక్కకు పిలిచి, వాడు రాత్రిళ్లు పక్క తడిపి, ఎవరికీ తెలియకుండా తెల్లవారుజామున తనే ఉతుక్కుంటున్నాడని మెల్లగా చెప్పింది. పదిమందిలో చెప్పి ఉంటే ఆ పిల్లాడు చచ్చేంత సిగ్గుపడేవాడు. అలా పక్కకు పిలిచి చెప్పాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆ రోజే వాళ్లమ్మతో మాట్లాడించాం. అప్పటిదాకా మా సోమవారం మీటింగ్‌లో ఆమెకు కుర్చీ లేదు. ఇప్పుడు ఉంది. మీటింగ్‌లో ఆమె ఉన్న ఆ కాసేపూ తమిళంలోనే మాట్లాడుకుంటాం.

అపోహ: ఏడాదికోసారి సన్మానం చేస్తే చాలు.

వాస్తవం: క్రిస్మస్ విందులో టీచర్లే వడ్డిస్తారు. నేనూ వడ్డిస్తాను, అది నాకెంతో ఇష్టం. యేసు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టం ఆ రోజు అందరికీ గుర్తొస్తుంది. పనివాళ్ల కూలి ఆపిన వాళ్ల గురించి యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉన్న మాట కూడా గుర్తు రావాలి. ఓవర్‌టైమ్ డబ్బు రెండు నెలలుగా రాని మనిషి భుజాలమీద శాలువా కప్పడం నాకు మనసొప్పదు.

అపోహ: వాచ్‌మెన్లు కాంట్రాక్టరు మనుషులు, వాళ్ల పిఎఫ్ మనకెందుకు?

వాస్తవం: కాంట్రాక్టరు కట్టకపోతే చివరికి బాధ్యత బడిదే. అందుకే బిల్లు చెల్లించే ముందు ప్రతినెలా పిఎఫ్ కట్టిన చలానా అడగాలి. సొంత సిబ్బందికి అయిదేళ్లు నిండాక, మానేసినా రిటైరైనా, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. బోనస్ చట్టం మాత్రం విద్యాసంస్థలకు వర్తించదు. కాబట్టి దీపావళికి ఎంత ఇస్తారో నెల ముందే చెప్పేస్తే వాళ్లకు టెన్షన్ ఉండదు.

అపోహ: క్రైస్తవ బడి కదా, పనిచేసేవాళ్లంతా క్రైస్తవులే.

వాస్తవం: కాదు. అందుకే పొంగల్‌కు సెలవు అడగకముందే ఇవ్వండి.

అపోహ: వెళ్లిపోయే విదేశీ టీచర్లు పాత సామాన్లు ఇచ్చిపోతే అదే కృతజ్ఞత.

వాస్తవం: కావాలా అని ముందు అడిగితే తప్పులేదు. అడగకుండా గుమ్మం ముందు సంచులు వదిలితే అది చెత్త ఎత్తించడమే. మా దగ్గర రెండేళ్లు పనిచేసిన ఒక సైన్స్ టీచర్ వెళ్లేముందు ప్లంబర్ అన్నను వెంటబెట్టుకుని నాలుగు శనివారాలు క్యాంపస్ అంతా తిరిగాడు. ఏ వాల్వు ఏ బిల్డింగ్‌దో అప్పటివరకు ఆ అన్న తలలోనే ఉండేది. ఇద్దరూ కలిసి మ్యాపు గీశారు. కింద ముందు అన్న పేరు, తర్వాత టీచర్ పేరు. మరుసటి అక్టోబరు వానలకు మట్టి జారి పైపు తెగినప్పుడు, సెలవులో ఉన్న అన్నకు ఎవరూ ఫోన్ చేయాల్సిన పనిలేకపోయింది. ఆ మ్యాపు ఇప్పుడు ఆఫీసు గోడమీద ఉంది.