కొత్త స్కీ లిఫ్ట్ వస్తే క్యూ తగ్గుతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

రోప్‌వేల లైన్ డిజైన్, కమిషనింగ్ నా వృత్తి. అమెరికాలోనో కెనడాలోనో ఒక స్కీ రిసార్ట్, మంచు వాలు మీద జారేవారిని కొండపైకి చేర్చే కొత్త చెయిర్‌లిఫ్టో (తాడుకు వేలాడే కుర్చీలు) గొండోలానో (మూసిన క్యాబిన్లు) ప్రకటించిందంటే చాలు, డెన్వర్ నుంచి, సాల్ట్ లేక్ సిటీ నుంచి, బే ఏరియా నుంచి తెలుగు మిత్రులు ఫోను చేస్తారు. అందరి ఆశా ఒకటే: "ఇక ఈ చలికాలం గంటల తరబడి నిలబడక్కర్లేదు కదా?" ప్రతిసారీ విడివిడిగా చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. మొదటి అపోహకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. అది అర్థమైతే మిగతావి సగం వాటంతట అవే విడిపోతాయి.

అపోహ: లిఫ్ట్ వేగం రెట్టింపైతే క్యూ సగానికి తగ్గుతుంది.

వాస్తవం: లిఫ్ట్ వేగం వేరు, అది గంటకు మోసే జనం వేరు.

పాత పద్ధతి లిఫ్టుల్లో కుర్చీని ఉక్కు తాడుకు గట్టిగా బిగించేస్తారు. దీన్ని ఫిక్స్‌డ్ గ్రిప్ అంటారు. 1936లో ఐడహోలోని సన్ వ్యాలీలో మొదలైన ప్రపంచపు తొలి చెయిర్‌లిఫ్ట్ ఈ రకమే. ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే యంత్రం తెలిసిన జేమ్స్ కరన్ అనే రైల్వే ఇంజినీరు, గెల వేలాడే చోట కుర్చీని వేలాడదీశాడు. ఇందులో తాడు ఎంత వేగంగా కదిలితే కుర్చీ అంతే వేగంగా వచ్చి మోకాళ్ల వెనుక తగులుతుంది. అందుకే సెకనుకు రెండు, రెండున్నర మీటర్లకు మించి నడపరు.

డిటాచబుల్ లిఫ్టులో కుర్చీ స్టేషన్లోకి రాగానే దాని గ్రిప్, అంటే తాడును పట్టుకునే బిగింపు, తాడును వదిలేస్తుంది. వరుసగా తిరిగే రబ్బరు టైర్లు దాన్ని నెమ్మదింపజేసి, మనిషి నడిచే వేగానికి తెస్తాయి. జనం కూర్చున్నాక మరో వరుస టైర్లు దాన్ని మళ్లీ తాడు వేగానికి తీసుకెళ్తాయి. అప్పుడు గ్రిప్ మూసుకొని తాడును పట్టుకుంటుంది. జనం నిదానంగా ఎక్కుతున్నా తాడు మాత్రం సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెత్తుతూనే ఉంటుంది. ఇలాంటి నాలుగు సీట్ల లిఫ్ట్ మొదటిసారి 1981లో కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో వచ్చింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెండు రకాల్లోనూ నాలుగు సీట్ల కుర్చీ 6 సెకన్లకు ఒకటి చొప్పున వస్తుందనుకోండి. గంటకు 600 కుర్చీలు, 2,400 మంది. ఫిక్స్‌డ్ గ్రిప్‌కూ ఇదే సంఖ్య, డిటాచబుల్‌కూ ఇదే సంఖ్య. మారేది కుర్చీల మధ్య దూరం. సెకనుకు 2.3 మీటర్ల తాడు మీద అది 14 మీటర్లకు కాస్త తక్కువ, 5 మీటర్ల తాడు మీద 30 మీటర్లు. లైను 1,500 మీటర్లయితే పాతదానిలో ప్రయాణం సుమారు 11 నిమిషాలు, కొత్తదానిలో 5 నిమిషాలు. అంటే రద్దీ వేళ పాత లిఫ్ట్ మీద పైకి వెళ్తూ ఏ క్షణంలో చూసినా 430 మంది దాకా గాలిలో కూర్చొని ఉంటారు. కొత్తదాని మీద 200 మందే ఉంటారు.

మిగతా 230 మంది ఎక్కడికి పోయారు? కొండ మీదనే ఉన్నారు. కొందరు వాలు మీద, ఎక్కువమంది కింద క్యూలో. గంటకు మోసే సంఖ్య పెంచకుండా వేగం మాత్రమే పెంచితే శనివారం క్యూ పొడవు పెరుగుతుంది! "కోట్లు పోసి కొత్తది వేశారు, అయినా వరుస ఇంకా పెరిగింది" అని విసుక్కునేవారు భ్రమపడటం లేదు, వాళ్లు చూసింది నిజమే.

అలాగని డిటాచబుల్ దండగ కాదు. మైనస్ 20 డిగ్రీల చలిలో కుర్చీ మీద 11 నిమిషాలకూ 5 నిమిషాలకూ ఉన్న తేడా పిల్లలతో వెళ్లినవారికి బాగా తెలుసు. క్యూ లేని వారపు రోజుల్లో రోజుకు ఎక్కువసార్లు దిగవచ్చు. ఇంకో మేలు బయటికి అంతగా కనపడదు. ఫిక్స్‌డ్ గ్రిప్ దగ్గర కొత్తగా నేర్చుకునేవారు తడబడి పడిపోతుంటారు, ప్రతిసారీ లిఫ్ట్ ఆపాలి. కాగితం మీద 2,400 అని ఉన్నా ఆపడాల వల్ల నిజంగా ఎక్కేది అంతకంటే తక్కువ. నిదానంగా ఎక్కించుకునే లిఫ్ట్ తన కాగితపు సంఖ్యకు దగ్గరగా పనిచేస్తుంది.

అపోహ: నాలుగు సీట్లు తీసి ఎనిమిది సీట్లు వేస్తే రెండింతల మంది హాయిగా వెళ్తారు.

ఎనిమిది సీట్ల కుర్చీ ఉత్తర అమెరికాకు 2018 డిసెంబరులో మోంటానాలోని బిగ్ స్కైలో వచ్చింది. మంచి యంత్రం. కానీ ఎనిమిది మందిని వరుసలో నిలబెట్టి, గేటు తెరిచి, ఒకేసారి కూర్చోబెట్టడానికి నలుగురికంటే ఎక్కువ సమయం కావాలి. అందుకని కుర్చీల మధ్య వ్యవధి పెంచుతారు. పైగా ముగ్గురున్న కుటుంబం తమ ముగ్గురే కూర్చొని వెళ్లిపోతే అయిదు సీట్లు ఖాళీగా పైకి పోతాయి. క్యూలో జనాన్ని కలిపి సీట్లు నింపే సిబ్బంది, ఒంటరిగా వచ్చినవారికి వేరే వరుస - ఇవి లేకపోతే ఎనిమిది సీట్ల లిఫ్టుకు పెట్టిన ఖర్చులో సగం వృథా.

అసలు ప్రశ్న కొండ పైన ఉంటుంది. దిగిన ప్రతి మనిషీ ఏదో ఒక వాలు మీదుగా కిందికి రావాలి. ఆ వాలు వెడల్పు ఎంత? మొదటి మలుపు దగ్గర రెండు దారులు కలుస్తాయా? చెరువు కట్టకు తూము వెడల్పు చేసేముందు కింది కాలువ ఆ నీటిని పట్టగలదా అని చూస్తాం కదా, అలాంటి లెక్కే ఇది. ఇక్కడ లెక్క తప్పితే విరిగేవి మనుషుల ఎముకలు కాబట్టి అది తప్పకూడదు.

యూటాలోని పార్క్ సిటీలో జరిగిన వివాదం దీని చుట్టూ తిరిగింది. అక్కడి రిసార్ట్ ఒక లిఫ్టును ఆరు సీట్లకూ, మరొకదాన్ని ఎనిమిది సీట్లకూ మార్చాలనుకుంది. కొండ ఇబ్బంది లేకుండా ఎంతమందిని పట్టగలదన్న లెక్క సరిగా లేదనీ, పార్కింగ్ చాలదనీ స్థానికులు అప్పీలు చేశారు. 2022 జూన్‌లో పట్టణ ప్లానింగ్ కమిషన్ వాళ్ల మాటే నెగ్గించింది. అప్పటికే కొన్న ఆ లిఫ్టులు కెనడాలోని విస్లర్ బ్లాక్‌కోంబ్‌కు వెళ్లాయి. ఎనిమిది సీట్లది 2023 డిసెంబరులో ఫిట్జ్‌సిమన్స్ లైనుగా నడక మొదలుపెట్టింది. స్థానికులు అభివృద్ధికి అడ్డుపడ్డారని అప్పట్లో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. లిఫ్ట్ ఎంతమందిని పైకి చేరుస్తుందో చెప్పి, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పని పత్రాన్ని ఆమోదించకపోవడమే సరైన పని.

దీనికి అటు చివర వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ ఉంది. స్కీయర్ల సహకార సంఘమే దాని యజమాని. 1948 నాటి ఒంటి సీటు లిఫ్ట్ అరిగిపోతే, 2007లో దాన్ని పునర్నిర్మించి మళ్లీ ఒంటి సీటుదే పెట్టుకున్నారు. వాలు మీద జనం పలచగా ఉండాలన్నది వాళ్ల కోరిక. కొండను ప్రేమించేవాళ్లు తీసుకున్న నిర్ణయంగా దాన్ని గౌరవిస్తాను.

అపోహ: గొండోలా ఎప్పుడైనా చెయిర్‌లిఫ్ట్ కన్నా మేలు.

దూరం ఎక్కువైతే, స్కీ చేయనివారినీ మోయాలంటే, ఊరి నుంచి కొండకు తీసుకెళ్లాలంటే గొండోలానే సరి. 2022 డిసెంబరులో తెరిచిన పాలిసేడ్స్ టాహో గొండోలా రెండు లోయలను కలుపుతుంది. దాదాపు 3.9 కిలోమీటర్లు, 16 నిమిషాలు. ఆ దూరం కుర్చీ మీద వెళ్లమంటే ఎవరూ సంతోషించరు. కానీ ఒకే వాలు మీద పదే పదే దిగేవారికి ప్రతిసారీ స్కీలు విప్పి, బయట అమర్చి, లోపల కూర్చొని, మళ్లీ తొడుక్కోవడం నరకం. అలాంటి చోట ఆరు సీట్ల చెయిర్‌లిఫ్టే నయం.

ఇక గాలి. మూసిన క్యాబిన్ గాలికి పెద్ద గోడలా ఎదురు నిలుస్తుంది. ఒకే తాడు మీద నడిచే మామూలు గొండోలాను గాలి గంటకు 60, 70 కిలోమీటర్లకు చేరేసరికి చాలాచోట్ల ఆపేస్తారు. ఖాళీ కుర్చీ గుండా గాలి వెళ్లిపోతుంది కాబట్టి ఒక్కోసారి పక్కనున్న చెయిర్‌లిఫ్ట్ నడుస్తూ గొండోలా ఆగి ఉంటుంది. దీనికి విరుగుడు మూడు తాళ్ల పద్ధతి, 3ఎస్ అంటారు. రెండు తాళ్లు కదలకుండా పట్టాల్లా ఉంటాయి, మూడోది లాగుతుంది. విస్లర్‌లోని పీక్ టు పీక్ ఈ రకమే. 2008 డిసెంబరులో తెరిచారు. పొడవు 4.4 కిలోమీటర్లు, అందులో 3 కిలోమీటర్ల పైచిలుకు మధ్యలో ఒక్క టవర్ కూడా లేదు. లోయ అడుగు నుంచి 436 మీటర్ల ఎత్తున పోతుంది.

కేదార్‌నాథ్ రోప్‌వేకు ఎంచుకున్నది కూడా మూడు తాళ్ల పద్ధతే. సోన్‌ప్రయాగ్ నుంచి 12.9 కిలోమీటర్లు, 4,081 కోట్ల రూపాయలు, ఒక వైపుకు గంటకు 1,800 మంది. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఎనిమిది తొమ్మిది గంటల నడక 36 నిమిషాలవుతుంది. మన తెలుగు యాత్రికులు ఏటా పెద్ద సంఖ్యలో వెళ్లే చోటు అది. యంత్రం ఎంపిక మీద నాకు సందేహం లేదు. అయితే రోజుకు 18,000 మందిని చేర్చగలదంటున్నప్పుడు, పార్క్ సిటీవాళ్లు అడిగిన ప్రశ్నే ఇక్కడా అడగాలి: ఆ ఇరుకు లోయలో దిగాక వాళ్లంతా ఎక్కడ నిలబడతారు?

అపోహ: పాత లిఫ్ట్ ప్రమాదకరం, కొత్తది భద్రం.

వయసు కన్నా నిర్వహణ ముఖ్యం. ఇది ఊరికే చెప్పే మాట కాదు, వస్తువులను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. లైను మొత్తం ఒకే ఉక్కు తాడు. దాని రెండు కొసలనూ ముడి వేయరు, పేటలు విడదీసి ఒకదానిలోకి ఒకటి అల్లుతారు. ఆ అల్లిక పొడవు సాధారణంగా తాడు వ్యాసానికి 1,200 రెట్లు ఉండాలి. 50 మిల్లీమీటర్ల తాడుకైతే 60 మీటర్లు! బాగా అల్లితే చేత్తో తడిమినా అతుకు ఎక్కడుందో తెలియదు. లోపల తెగిన తీగలు కంటికి కనపడవు కాబట్టి అయస్కాంత పరీక్షతో వెతుకుతారు. డిటాచబుల్ గ్రిప్ స్టేషన్లోకి వచ్చిన ప్రతిసారీ దాని స్ప్రింగు బలాన్ని యంత్రమే కొలుస్తుంది. హద్దుకు తగ్గితే లైను దానంతట అదే ఆగిపోతుంది. విడతలవారీగా గ్రిప్‌లను విప్పి, ముక్క ముక్కా శుభ్రం చేసి, వెంట్రుకంత పగులు ఉందేమోనని చూస్తారు. ఈ పనులు వేళకు జరిగే పాత లిఫ్టులో నా పిల్లలను నిశ్చింతగా ఎక్కిస్తాను.

2021 మే 23న ఇటలీలోని మొత్తరోనె రోప్‌వేలో క్యాబిన్‌ను లాగే తాడు తెగింది. అలాంటప్పుడు క్యాబిన్‌ను పట్టి ఆపాల్సిన అత్యవసర బ్రేకు ఉంది. అది మాటిమాటికీ అనవసరంగా పడుతోందని, పనిచేయకుండా క్లాంపులు బిగించి నడిపారు. 14 మంది చనిపోయారు. భద్రతా పరికరం విసిగిస్తోందంటే అది ఏదో చెబుతోందని అర్థం. దాని నోరు మూయించడం ఈ వృత్తిలో క్షమించరాని పని.

గుల్మార్గ్‌లో 2017 జూన్‌లో జరిగినది మరో రకం. ఈదురుగాలికి పెద్ద చెట్టు విరిగి రోప్‌వే మీద పడింది, 7 మంది ప్రాణాలు పోయాయి. లైనుకు ఇరువైపులా చెట్లను ఎంత దూరం వరకు చూసుకోవాలి, ఎంత గాలికి ఆపేయాలి అన్నవి తాడు, గ్రిప్ అంత ముఖ్యమైనవే.

అపోహ: డబ్బుంటే ఒక్క వేసవిలో అయిపోతుంది.

టవర్లు నిలబెట్టడం ఒక్క వేసవి పనే. మంచు కరిగాక మొదలుపెట్టి, మళ్లీ మంచు పడేలోగా పునాదులు, కాంక్రీటు పూర్తిచేసి, రోడ్డు లేని చోట హెలికాప్టరుతో టవర్లను దించుతారు. కానీ అంతకుముందు అనుమతులకు ఏళ్లు పడతాయి. అమెరికా పశ్చిమాన చాలా రిసార్టులు ఫారెస్ట్ సర్వీసు (అక్కడి కేంద్ర అటవీ శాఖ) నేల మీద ఉన్నాయి. కొలరాడోలోని కీస్టోన్‌లో 2022లో బర్గ్‌మన్ లిఫ్ట్ పనికోసం అనుమతి లేని చోట రోడ్డు వేసి చెట్లు పెరగని ఎత్తులోని సున్నితమైన నేలను పాడుచేశారు. పని ఆపేశారు, లిఫ్ట్ ఏడాది ఆలస్యమైంది. ఆ ఎత్తులో చెదిరిన గడ్డి మళ్లీ నిలదొక్కుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. అనుమతుల ఆలస్యాన్ని తిట్టేవారికి నేను ఇదే చూపిస్తాను.

తీసేసిన పాత లిఫ్టుల సంగతి అడుగుతారు. అన్నీ తుక్కుకు పోవు. బాగున్నవి అదే కొండ మీద మరో లైనుకో, చిన్న రిసార్టులకో వెళ్లి ఇంకా చాలాకాలం పనిచేస్తాయి.

అపోహ: లిఫ్ట్ మధ్యలో ఆగిందంటే చెడిపోయినట్టే.

ఎక్కువసార్లు కింద ఎవరో పడిపోయి ఉంటారు, లేదా పైన దిగలేకపోయి ఉంటారు. ఆపరేటరు బటన్ నొక్కుతాడు, వాళ్లను పక్కకు తీసి మళ్లీ నడుపుతాడు. కరెంటు పోయినా, ప్రధాన మోటారు ఆగినా డీజిల్ ఇంజినుతో తాడును నెమ్మదిగా తిప్పి అందరినీ స్టేషనుకు చేర్చవచ్చు. అదీ కుదరకపోతేనే స్కీ ప్యాట్రోల్ అనే కొండ మీది సహాయక సిబ్బంది కుర్చీ కుర్చీ దగ్గరకు వచ్చి తాడుతో ఒక్కొక్కరినీ దించుతారు. దానికి గంటలు పట్టవచ్చు. అప్పటిదాకా ముందున్న అడ్డకమ్మీని ఎత్తకండి, కుర్చీని ఊపకండి. కింద మంచు మెత్తగా, దగ్గరగా కనిపించినా దూకకండి. పిల్లలు పక్కన ఉంటే వాళ్లను వెనక్కి ఆనించి కూర్చోబెట్టి, చేతులు రుద్దుతూ మాట్లాడుతూ ఉండండి. మీ కోసం వచ్చేవాళ్లు అప్పటికే బయలుదేరి ఉంటారు.