ఉప్పులాంటి సౌర ఘటం

పెరోవ్‌స్కైట్ సౌర ఘటం పాడైందో లేదో తెలుసుకోవడానికి చాలాసార్లు మీటరు కూడా అక్కరలేదు. బాగున్న పొర నల్లగా నిగనిగలాడుతుంది. తేమ తగిలిన చోట పసుపుపచ్చని మచ్చ పుడుతుంది, మెల్లగా పాకుతుంది. ఆ పసుపు మనకు కొత్తది కాదు. పదో తరగతిలో లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ ద్రావణాలను కలిపినప్పుడు పరీక్షనాళిక అడుగున పేరుకున్న పసుపు అవక్షేపం గుర్తుందా? అదే లెడ్ అయొడైడ్. నల్లపొర విరిగిపోయి తన ముడిసరుకులోకి తిరిగి వెళ్లిపోతోందని ఆ మచ్చ చెబుతుంది.

పెరోవ్‌స్కైట్ అన్నది అసలు ఒక ఖనిజం పేరు. 1839లో ఉరల్ పర్వతాల నుంచి వచ్చిన రాతిని పరిశీలించిన జర్మన్ శాస్త్రవేత్త గుస్టావ్ రోజ్, రష్యాకు చెందిన లెవ్ పెరోవ్‌స్కీ పేరును దానికి పెట్టాడు. ఆ రాతిలో ఉన్నవి కాల్షియం, టైటానియం, ఆక్సిజన్. సౌర ఘటాల్లో వాడే పెరోవ్‌స్కైట్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ కనిపించదు, అమరిక మాత్రం అదే. ఒక్కో సీసం అయానును ఆరు అయోడిన్లు చుట్టుముడతాయి. అలాంటి గూళ్లు మూలలు కలుపుకుని నిలబడితే, మధ్య ఖాళీలలో మిథైల్ అమ్మోనియం అనే చిన్న సేంద్రియ (కార్బన్ ఆధారిత) అయాను కూర్చుంటుంది. రసాయనశాస్త్రం మాటల్లో చెప్పాలంటే ఇది ఒక లవణం. వానాకాలంలో మూత సరిగా పెట్టని ఉప్పు జాడీకి ఏమవుతుందో తెలిసినవారికి దీని కష్టాలు సగం తెలిసినట్టే.

ఈ కథలో మన ప్రాంతంతో ముడిపడిన శాస్త్రవేత్త ఒకరున్నారు. మొహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఆ తరువాత స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మైకేల్ గ్రాట్జెల్ బృందంలో చేరారు. అప్పట్లో వారి పని పెరోవ్‌స్కైట్ మీద కాదు, రంగుల మీద. టైటానియం డయాక్సైడ్ పొడిని, అంటే గోడల తెల్లరంగులో ఉండే పదార్థాన్ని, గాజు మీద సన్నని పొరగా పరిచి, దానికి రుథీనియం అనే లోహం ఉన్న రంజకాన్ని పట్టిస్తారు. ఆకులో పత్రహరితంలా ఆ రంజకం వెలుగును పీల్చుకుని ఎలక్ట్రాన్లను వదులుతుంది. 1993లో నజీరుద్దీన్, గ్రాట్జెల్ తదితరులు ప్రకటించిన రంజకంతో ఈ ఘటాల సామర్థ్యం, అంటే పడిన వెలుగులో కరెంటుగా మారే వాటా, 10 శాతానికి చేరింది. ఎలక్ట్రాన్లు వెళ్లిపోగా రంజకంలో మిగిలే ఖాళీలను నింపడానికి మాత్రం వాటిలో అయోడిన్ కలిసిన ద్రవం ఉండేది.

2009లో జపాన్‌లోని యొకొహామాలో త్సుతోము మియసాకా బృందం ఇదే ఘటంలో రంజకానికి బదులు పెరోవ్‌స్కైట్‌ను వాడి చూసింది. 3.8 శాతం వచ్చింది. అయితే ఉప్పు ద్రవంలో ఉంటే ఏం చేస్తుంది? కొన్ని నిమిషాల్లో కరిగిపోయింది. ఆ వ్యాసాన్ని మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదంటే తప్పు పట్టలేం.

దారి చూపింది సేంద్రియ పదార్థాలు. 2012లో దక్షిణ కొరియాలో నామ్ గ్యు పార్క్ గ్రాట్జెల్‌తో కలిసి, ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ స్నైత్ మియసాకాతో కలిసి, ద్రవాన్ని తీసేసి ఆ చోట ఘనరూపంలో ఉన్న ఒక సేంద్రియ అర్ధవాహకాన్ని పెట్టారు. సామర్థ్యం ఒక్కసారిగా 10 శాతం అటూ ఇటూకు దూకింది. ఈ రోజు రికార్డు పెరోవ్‌స్కైట్ ఘటాలు 26 శాతం దాటాయి. మామూలు సౌర ప్యానెళ్లలో ఉండే సిలికాన్‌కు దశాబ్దాలు పట్టిన ప్రయాణమిది.

సేంద్రియ ఘటాలది వేరే పాత కథ. 1986లో కొడాక్ కంపెనీలో పనిచేస్తున్న చింగ్ టాంగ్ రెండు సేంద్రియ రంగుపదార్థాలను ఒకదాని మీద ఒకటి పరిచి దాదాపు 1 శాతం సాధించాడు. ఒకటికి బదులు రెండెందుకు? సేంద్రియ పదార్థంలో వెలుగు పడగానే ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ, రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే పుడతాయి. ఆ పట్టు విడిపోతేనే కరెంటు. విడదీసేది రెండు పదార్థాలు కలిసే సరిహద్దు. కానీ ఆ జంట ఆయువు చిన్నది, 10 నానోమీటర్లు నడిచేలోపే అణగారిపోతుంది. వెలుగును పూర్తిగా పీల్చుకోవాలంటే పొర మందం కనీసం 100 నానోమీటర్లు ఉండాలి. అందుకే 1990ల నుంచి రెండు పదార్థాలనూ ఒకే ద్రావణంలో కలిపి పూస్తున్నారు. పప్పూ అన్నమూ కలిసినట్టు, ఎక్కడ పుట్టిన జంటకైనా పక్కనే సరిహద్దు దొరకాలి. 2019లో చైనాలో వచ్చిన ఒక కొత్త అణువుతో ఈ ఘటాలు 15 శాతం దాటాయి, ఇప్పుడు 20 శాతం దగ్గర ఉన్నాయి. అయితే కలిపినవి కలిసే ఉండవు. వేడికి అణువులు మెల్లగా కదిలి, తమ జాతి వాటితో గుంపు కడతాయి. సరిహద్దులు తరిగిపోతాయి, వాటితోపాటు కరెంటూ తగ్గుతుంది.

పెరోవ్‌స్కైట్‌లో ఈ జంటల పట్టు చాలా సడలు. గది ఉష్ణోగ్రతకే అవి విడిపోయి మైక్రోమీటరుకు (1,000 నానోమీటర్లకు) పైగా తిరగగలవు. అర మైక్రోమీటరు పొర చాలు. సిలికాన్ పలక మందం 150 మైక్రోమీటర్లు, అంటే 300 రెట్లు. పైగా సిలికాన్ 1,414 డిగ్రీల దగ్గర గానీ కరగదు, దాన్ని శుద్ధి చేసి స్ఫటికంగా పెంచడమంటే కొలిమి దగ్గర కాపురమే. పెరోవ్‌స్కైట్‌కు 100 డిగ్రీల హాట్‌ప్లేటు చాలు. ద్రావణాన్ని గాజు మీద వేసి గిర్రున తిప్పుతారు, తిరుగుతుండగానే టొలూయీన్ లాంటి మరో ద్రవం చుక్కలు వదులుతారు. క్షణంలో చిన్నచిన్న స్ఫటికాలు ఒత్తుగా లేస్తాయి. మన వంటింట్లో పంచదార గడ్డకట్టకుండా పాకంలో నిమ్మరసం పిండుతారు. ఇక్కడ చుక్క పని దానికి సరిగ్గా ఎదురు. చుక్క ఒక్క క్షణం ముందో వెనకో పడితే పొర చెడుతుంది. పాకం కుదరడానికి చెయ్యి తిరిగి ఉండాలన్నట్టు, ఈ రంగంలోనూ ఒకరికి వచ్చిన ఫలితం ఇంకొకరికి రాకపోవడం మామూలే.

నాకు ఈ పదార్థాల్లో ఆసక్తి కలిగించేది ఇదే. 100 డిగ్రీలకే స్ఫటికమయ్యే గుణం, అంతకు కొంచెం ఎక్కువ వేడికే విరిగిపోయే గుణం, రెండూ వేరు కావు. బంధాలు బలహీనం కాబట్టే ద్రావణంలో కరుగుతుంది, కాబట్టే చవకగా పూయగలం, కాబట్టే నీటిచుక్కకు లొంగుతుంది. ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలించుకోవడం అంత సులువు కాదు.

వేడి సంగతి మనకు మరీ దగ్గరిది. మొదటి తరం మిథైల్ అమ్మోనియం పెరోవ్‌స్కైట్ స్ఫటికం 55 డిగ్రీల ప్రాంతంలో ఆకారం మార్చుకుంటుంది. మే నెలలో రామగుండంలోనో కర్నూలులోనో మేడ మీది ప్యానెల్ ఆ వేడిని ప్రతి మధ్యాహ్నం దాటేస్తుంది, రాత్రికి మళ్లీ దిగుతుంది. అందుకే మిథైల్ అమ్మోనియం స్థానంలో చాలావరకు ఫార్మమిడీనియం అనే మరో సేంద్రియ అయాను వచ్చింది. అది వేడికి మేలు, కానీ ఒంటరిగా ఉంటే మామూలు ఉష్ణోగ్రతలో నల్లరూపం నుంచి పనికిరాని పసుపు రూపంలోకి జారుతుంది. 2016లో లోజాన్ బృందం కొద్దిగా సీజియం చేర్చి ఆ జారుడును ఆపింది.

2017లో నజీరుద్దీన్ బృందం చేసిన ఒక పని నాకు రికార్డులకన్నా విలువైనదిగా కనిపిస్తుంది. పెరోవ్‌స్కైట్‌లో అమైనో వాలరిక్ ఆమ్లపు లవణాన్ని కొద్దిగా కలిపారు. దాని పొడవాటి అయాన్లు గూళ్ల మధ్య ఇమడలేవు, అందుకని సరిహద్దులో పలచని పొరలు పొరలుగా పేరుకుని, లోపలి స్ఫటికానికి నీరు సులువుగా చేరని కవచంగా నిలుస్తాయి. పైన కరెంటును అందుకునే పొరగా ఖరీదైన బంగారం బదులు కార్బన్ వాడారు. ఇలాంటి ఘటాల పొరలను శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలోనే వేయవచ్చు. 10 సెంటీమీటర్ల చదరం, సామర్థ్యం 11.2 శాతమే. కానీ 10,000 గంటలు ఏమాత్రం తగ్గకుండా పనిచేసింది. గోరంత ఘటం మీద సాధించిన శాతాలే పత్రికల శీర్షికలకు ఎక్కుతాయి, ఈ గంటల లెక్క ఎక్కదు. రోజుకు ఐదు గంటల నిండు ఎండ లెక్కన ఇది ఐదున్నర ఏళ్లు. సిలికాన్ ప్యానెల్‌కు 25 ఏళ్ల హామీ ఇస్తారు. పైగా ఆ పరీక్ష 55 డిగ్రీల దగ్గర జరిగింది, మన మేడలు అంతకన్నా కాలుతాయి.

సీసం గురించి భయం సహజమే. చదరపు మీటరు పొరలో ఉండేది ఒక గ్రాముకు లోపే, కానీ నీటిలో కరిగే రూపంలో ఉంటుంది. తగరంతో మార్చుదామంటే అది గాలి తగలగానే ఆక్సీకరణం చెందుతుంది.

అయినా పరిశ్రమ దీన్ని వదలకపోవడానికి కారణం సిలికానే. సిలికాన్ ఒంటరిగా 29.4 శాతం దాటలేదని సిద్ధాంతం చెబుతుంది. అయోడిన్‌లో కొంత బ్రోమిన్ కలిపితే పెరోవ్‌స్కైట్ నీలం వైపు వెలుగును తాను తీసుకుని, ఎరుపు వైపుది కింది సిలికాన్‌కు వదిలేస్తుంది. ఇలా జత చేసిన ఘటంతో చైనా కంపెనీ లాంగీ 2024లో 34.6 శాతం చేరింది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ పీవీ సంస్థ జర్మనీ కర్మాగారం నుంచి ఇలాంటి ప్యానెళ్లను తొలిసారి అమెరికాలోని కొనుగోలుదారుకు పంపింది.

ప్యానెళ్లు దాటాల్సిన ఒక పరీక్షలో వాటిని 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచుతారు. దాన్ని దాటడానికి రెండు గాజుపలకల మధ్య పొరను బంధించి, అంచు చుట్టూ బ్యూటైల్ రబ్బరు పట్టీ వేస్తున్నారు. టైరు లోపలి ట్యూబులకు వాడే జాతి రబ్బరే అది, గాలినీ ఆవిరినీ తేలికగా పోనివ్వదు. ఆ పట్టీలో ఎక్కడైనా సందు ఉంటే, మొదటి పసుపు మచ్చ ఆ మూలనే కనిపిస్తుంది.