రిపేరు అయ్యాక కూడా ఇంజన్ వేడెక్కుతుంటే ముందు గాలిని అనుమానించండి

వాటర్ పంప్ మార్పించి, ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ కొత్తది పోయించి బండి ఇంటికి తెచ్చుకున్నాక టెంపరేచర్ ముల్లు మళ్ళీ ఎర్ర గీత వైపు పాకితే ప్రాణం ఎంత ఉసూరుమంటుందో పడినవాళ్ళకే తెలుసు. వెంటనే వినపడే మాటలు రెండే, కొత్త పార్టు డూప్లికేట్ అయ్యుంటుంది, లేదంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కి, దాని పైనుండే హెడ్‌కి మధ్య ఉండే సీలు) పోయింది. రెండూ జరగొచ్చు, కాదనను, కానీ వాటి జోలికి పోయేముందు లోపల గాలి ఇరుక్కుందేమో చూడండి.

కూలెంట్ అంతా దించేసి మళ్ళీ పోసినప్పుడు, బోర్లించిన గ్లాసుని నీళ్ళలో ముంచితే గాలి ఎలా ఉండిపోతుందో అలాగే ఇంజన్‌లో ఎత్తుగా ఉన్న మూలల్లో గాలి నిలిచిపోతుంది. నీళ్ళతో పోలిస్తే గాలికి వేడిని మోసే శక్తి చాలా తక్కువ, అందుకని ఆ బుడగ ఆనుకున్న చోట లోహం కాలిపోతూనే ఉంటుంది. ఇంకో చిక్కేంటంటే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే నిజం చెప్తుంది, దాని చుట్టూ గాలి చేరితే ముల్లు కిందే ఉంటుంది, ఒక్కసారి ఆవిరి తగలగానే పైకి ఎగురుతుంది, మళ్ళీ దిగుతుంది. ముల్లు అలా గంతులేస్తుంటే, ముల్లు పైన ఉన్నా హీటర్ ఆన్ చేస్తే చల్లగాలే వస్తుంటే, నా లెక్కలో మొదటి అనుమానం గాలి మీదే, లేదా కూలెంట్ తగ్గిపోయి ఉండాలి, ఎందుకంటే క్యాబిన్ హీటర్ వేడెక్కేది ఆ కూలెంట్ తోనే కదా.

గాలి తీయడానికి ఇంజన్ పూర్తిగా చల్లారాక బండి ముందు భాగం కాస్త ఎత్తులో పెట్టి, హీటర్ ఫుల్ హాట్‌లో ఉంచి, కూలెంట్ నిదానంగా పోయాలి. గాలి వదలడానికి పెట్టిన బ్లీడ్ స్క్రూ ఉంటే బుడగలు లేకుండా ధార వచ్చేదాకా తెరిచి ఉంచాలి. కొన్ని బండ్లకి వ్యాక్యూమ్ పెట్టి నింపితే తప్ప గాలి పోదు, ఆ పద్ధతి బండి మాన్యువల్‌లోనే ఉంటుంది. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. మూత బిగించి ఉన్నప్పుడు లోపల సుమారు 1 బార్ అదనపు ప్రెషర్ ఉంటుంది, దానివల్లే సగం నీళ్ళు సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ దాదాపు 129 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతుంది, మూత తీస్తే ఆ ప్రెషర్ పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదకి చిమ్ముతుంది. మూత రబ్బరు అరిగి ప్రెషర్ నిలవకపోయినా ముందుగానే మరుగుతుంది, మూతే కదా అని చాలామంది దాన్ని పట్టించుకోరు.

ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్, అంటే థర్మోస్టాట్ సంగతి కూడా చూడాలి. అందులో మైనం ఉంటుంది, చాలా బండ్లలో 82 నుంచి 95 డిగ్రీల మధ్య కరిగి ఉబ్బి వాల్వ్‌ని తోస్తుంది. ఆ మైనం ఉన్న స్ప్రింగ్ వైపు ఇంజన్ వేడికి ఎదురుగా ఉండాలి, తిరగేసి బిగిస్తే పార్టు కొత్తదే అయినా ఆలస్యంగా తెరుచుకుంటుంది. కొన్నింటికి అంచు మీద చిన్న చిల్లు, అందులో ఆడే పిన్ను ఉంటుంది, అది గాలి పోవడానికి పెట్టిన దారి, దాన్ని పైవైపు ఉంచి బిగించాలి. ముల్లు పైకెళ్ళాక కూడా రేడియేటర్‌లోకి వేడి తెచ్చే పైపు కాలుతూ, తిరిగి వెళ్ళే పైపు చల్లగా ఉంటే కూలెంట్ తిరగట్లేదన్నమాట. పైపులు పట్టుకునేటప్పుడు ఫ్యాన్‌కి దూరంగా ఉండండి, ఇంజన్ ఆపినా అది తిరగొచ్చు.

ఎప్పుడు వేడెక్కుతోందో కూడా గమనించండి. ట్రాఫిక్‌లో వేడెక్కి రోడ్డు మీద పరిగెడితే తగ్గుతుంటే ఫ్యాన్‌ని చూడాలి, కనెక్టర్ తగిలించడం మర్చిపోయారేమో, వైర్లు తారుమారై వెనక్కి తిరుగుతోందేమో. స్పీడులోనే ఎక్కుతుంటే రేడియేటర్ పూడిందా, పంప్ సరిగ్గా తోస్తోందా చూడాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, గాలి ఎన్నిసార్లు తీసినా బుడగలు ఆగకపోతే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ గురించి ఆలోచించాలి. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే రేడియేటర్ పైపు రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి దూరుతున్నట్టే. రేడియేటర్ మూతి దగ్గర పట్టే నీలం లిక్విడ్ టెస్ట్ ఉంది, కార్బన్ డయాక్సైడ్ తగిలితే అది పసుపు రంగుకి మారుతుంది. ఇలా తేలితే కొత్త పంప్‌ని తిట్టుకోకండి, పాత పంప్ ఆగిన రోజు బండి ఉడికినప్పుడే హెడ్ వంగి ఉండొచ్చు.

రిపేరు తర్వాత ఒక వారం పాటు రోజూ పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద కూలెంట్ లెవెల్ చూడండి. మొదటి రెండు మూడు రోజులు కొంచెం దిగి ఆగిపోతే మిగిలిన గాలి బయటికి పోయినట్టు, రోజూ దిగుతూనే ఉంటే ఎక్కడో కారుతోంది లేదా ఇంజన్ తాగేస్తోంది.