నేలలో పడుకున్న చెరుకు

విజయవాడ నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: మేడ మీద కుండీలో మామిడి అల్లం సంక్రాంతికల్లా ఎండిపోయింది, రోజూ నీళ్లు పోసినా లేవలేదు, తవ్వితే దుంప గుజ్జయిపోయింది. ఎండినందుకు కాదు, ఆ నీళ్లకే కుళ్ళింది.

పేరులో అల్లం ఉన్నా ఇది పసుపుకు తోబుట్టువు, అల్లానికి మేనత్త కూతురు: శాస్త్రీయ నామం కర్క్యుమా అమడా. బెంగాలీ 'ఆమ్ ఆదా'కు అర్థం మామిడి అల్లమే. ఆ వాసన ఇట్టే ఆవిరైపోతుంది, పచ్చడిలో పచ్చిగానే కలపాలి.

'అల్లం వేరా, కాండమా?' అని బడిలో ఒక మార్కు ప్రశ్న అడిగి వదిలేస్తారు. కాండమే, అసలు పాఠం అక్కడే మొదలు. ఉయ్యూరు వైపు చెరుకు గడ చూడండి: కణుపు, కణుపుకో కన్ను, అంటే మొలకెత్తే మొగ్గ. దాన్నే పొట్టిగా, లావుగా నొక్కి మట్టిలో అడ్డంగా పడుకోబెడితే ఈ దుంప. చుట్టూ ఉన్న గీతలు కణుపులు, వాటి మీది పల్చటి పొర ఎదగని ఆకు, బొడిపె కన్ను. అందుకే చెరుకు ముచ్చెల్లాగే దీన్నీ ముక్కలుగా నాటుతారు: 25–30 గ్రాములు, కనీసం రెండు కళ్లు. కన్ను లేని ముక్క ఎంత లావైనా మొలవదు. కొన కన్ను ముందు లేచి వెనకవాటిని అణిచేస్తుంది. ముక్క చేస్తే ఆ పెత్తనం పోతుంది. పైకి కనిపించే 'కాండం' మాత్రం అరటిబోదెలాంటి ఆకుల చుట్టే.

చెరుకు గాలిలో నిలబడుతుంది, ఇది మట్టిలో ఊపిరి పీల్చాలి. ఆక్సిజన్ నీటిలో గాలిలోకంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. మట్టి సందులు నీటితో నిండితే దుంపకు ఊపిరాడదు. అదే నీటిలో పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి బీజాలు తోకలాడిస్తూ ఈదుకొస్తాయి, దుంపకుళ్ళు మొదలు. ఆకులున్నన్నాళ్లూ నీరు తాగి ఆవిరి చేస్తాయి. ఆకులెండి నిద్రపోయిన దుంపకు దాహం లేదు, పోసిందంతా అక్కడే నిలుస్తుంది.

నాటేది రోహిణి, మృగశిర కార్తెల్లో. మూఢనమ్మకం అనకండి: కార్తెలు సూర్యుడి లెక్క, ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. రాహుకాలం సంగతి మాత్రం దుంపకు పట్టదు. 12 అంగుళాల కుండీ, అడుగున చిల్లులు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక్కో పాలు ఇసుక, మాగిన పశువుల ఎరువు. 5 సెంటీమీటర్ల లోతున, కన్ను పైకి. పైన ఎండుటాకులు, మధ్యాహ్నం నీడ. గుంటూరు నల్లరేగడిలో ఎత్తు మడి లేకుండా నాటొద్దు. దుంప పైకి తేలితే మట్టి ఎగదోయాలి.

డిసెంబరులో ఆకు పసుపు తిరగగానే నీళ్లు ఆపేయండి, పూర్తిగా ఎండాక తవ్వండి. విత్తనానికి ఉంచేవి నీడలో, పొడి ఇసుకలో దాచాలి. ఫ్రిజ్‌లో పెడితే చలికి కన్ను చస్తుంది.