పైన వేడి, అడుగున చలి

పరిశోధక నౌక మీద నీటి సీసాలు పైకి వచ్చే క్షణం చూడదగ్గది. లోహపు చట్రంలో గుండ్రంగా అమర్చిన ఆ పొడవాటి సీసాలు ఒక్కొక్కటి ఒక్కో లోతులో మూతపడి, అక్కడి బంగాళాఖాతం నీటిని పట్టుకుని వస్తాయి. పైపొరలో నిండిన సీసా గోరువెచ్చగా ఉంటుంది. వెయ్యి మీటర్ల లోతున నిండినది మాత్రం చల్లగా ఉండి, ఈ తీరపు ఉక్కకు ఒళ్లంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు కడుతుంది. పైన దాదాపు 29 డిగ్రీలు, అక్కడ ఆరేడు డిగ్రీలు. విశాఖ బీచ్ రోడ్డు మీంచి చూస్తే ఒకే నీలంగా కనిపించే సముద్రం పొరలు పొరలుగా ఉందని ఆ సీసాను ముట్టుకున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు ఏం చదవాలని అడిగితే నేను సముద్ర విజ్ఞానం పేరు ఎత్తుతాను. "మావాడికి ఈత రాదండీ" అంటారు తల్లిదండ్రులు. ఆ చదువుకు ముందుగా కావలసింది లెక్కలు, భౌతికశాస్త్రం, ఓపిక. ఈత తర్వాత నేర్చుకోవచ్చు.

మన ఊరికి ఈ విద్య కొత్తదేమీ కాదు. యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి ఈ తీరాన్ని కొలవడం మొదలుపెట్టారు. మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్ అనే పేర్లు ఆ కృషికి కొనసాగింపుగా వచ్చినవే. వాళ్లు శ్రద్ధగా గమనించిన మరో విశేషం, వేసవి మొదట్లో ఇక్కడ అడుగునీరు పైకి ఉబకడం. ఆ నెలల్లో నైరుతి గాలి తీరం వెంబడే వీస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందువల్ల పైనీరు గాలి వెంట నేరుగా పోకుండా కుడివైపుకు ఒరుగుతూ తీరానికి దూరంగా జరుగుతుంది. ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లని నీరు వస్తుంది. దానితోపాటే నైట్రేట్లు, ఫాస్ఫేట్లు కూడా వెలుతురులోకి వస్తాయి. వాటిని ఎరువులా వాడుకుని, కంటికి కనిపించని మొక్కల్లాంటి జీవులు, అంటే వృక్షప్లవకాలు పెరుగుతాయి. వాటి వెనకే కవళ్లు, కనగర్తలు అనే చేపలు వస్తాయి. గాలి మారితే చేప మారుతుందని ఫిషింగ్ హార్బర్‌లో ఏ పెద్దాయనైనా చెబుతాడు. ఎందుకు మారుతుందో చెప్పడమే ఈ శాస్త్రం పని.

బంగాళాఖాతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. మామూలుగా తుఫాను సముద్రాన్ని చిలికినప్పుడు అడుగున ఉన్న చల్లని నీరు పైకి వచ్చి దాని బలాన్ని కొంత తగ్గిస్తుంది. ఇక్కడ ఈ మూత ఆ కలయికను అడ్డుకుంటుంది, తుఫానుకు వేడి అందుతూనే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన ఊరికి ఈ పొరల లెక్క ఎంత అవసరమో వివరించాలా?

ఆ పొరలే జలాంతర్గాములను కూడా దాచిపెడతాయి. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో వెళుతుంది, ఉష్ణోగ్రత మారిన చోట వంగుతుంది. ఆ వంపు వల్ల, శబ్దం పంపి జలాంతర్గాములను వెతికే సోనార్ పరికరపు ధ్వని కొన్ని చోట్లకు చేరదు. బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి లోపల తిరిగి వచ్చిన పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పి చూడండి, కళ్లు వెలుగుతాయి. నౌకాదళం కోసం నీటి అడుగున పనిచేసే ఆయుధాల మీద పరిశోధించే ఎన్‌ఎస్‌టీఎల్ మన ఊళ్లోనే ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం 1976 నుంచీ ఇక్కడ పనిచేస్తోంది. సముద్రం లేని హైదరాబాద్‌లో సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉంది. సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకు చేపలు దొరకగల చోట్ల సమాచారం అక్కడి నుంచే వస్తాయి. రసాయనశాస్త్రం, జంతుశాస్త్రం, భూగర్భశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు, వీటిలో ఏది చదివినవారికైనా ఇలాంటి చోట్ల పని ఉంటుంది.

అయితే ఉద్యోగాలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయని నేను చెప్పను. పోటీ ఎక్కువ. పరిశోధన పట్టా చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. నౌక ఎక్కితే మొదటి రెండు రోజులు కడుపులో తిప్పుతుంది. అమ్మాయిలను వారాల తరబడి సముద్రం మీదికి పంపడానికి ఇంట్లో వెనకాడతారు. వెనకాడకండి అని మాత్రం గట్టిగా అంటాను.

ఎందుకంటే చేయవలసింది చాలా మిగిలి ఉంది. ప్రపంచ సముద్రగర్భంలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ భాగానికే ఇప్పటివరకు వివరమైన పటం తయారైంది. ముగ్గురిని 6000 మీటర్ల లోతుకు దించడానికి మన దేశం మత్స్య 6000 అనే జలాంతర వాహనాన్ని సిద్ధం చేస్తోంది. అక్కడ ఒత్తిడి ఉపరితలం మీదికన్నా దాదాపు 600 రెట్లు. మనుషులు కూర్చునేది టైటానియం గోళంలో, దాని వ్యాసం రెండు మీటర్ల పైచిలుకు, అంతే.

అంత లోతుకు దిగేవరకూ ఆగనక్కరలేదు. ప్రపంచమంతటా ఆర్గో ఫ్లోట్లు అనే కొలత పరికరాలు సుమారు 4000 సముద్రాల్లో తిరుగుతున్నాయి. పది రోజులకోసారి 2000 మీటర్ల లోతుకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని కొలిచి, ఉపగ్రహం ద్వారా పంపుతాయి. ఆ కొలతలు ఎవరికైనా ఉచితం. భీమిలిలో డిగ్రీ చదివే అమ్మాయి ఈ రాత్రే వాటిని కంప్యూటర్‌లో తెరిచి, బంగాళాఖాతంలో 29 డిగ్రీల దగ్గర మొదలై ఆరేడు డిగ్రీలకు జారే గీతను తన చేత్తో గీసుకోవచ్చు.