పోరుమామిళ్ల చెరువు: అపోహలు, వాస్తవాలు

చెరువు కట్టల మరమ్మతులు చూడటం నా పని. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గురించి తరచూ వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: చెరువంటే తవ్విన గుంత.

ఇక్కడ ఎవరూ గుంత తవ్వలేదు. వరసగా ఉన్న కొండల మధ్య సందుల్ని కట్టలతో మూశారు, మిగతా అడ్డమంతా కొండలదే. ఈ కొండలు లేకపోతే ఇక్కడ ఇంత ఆయకట్టు ఉండేది కాదు.

అపోహ: పాతకాలం వాళ్లు ఉజ్జాయింపుగా కట్టేశారు.

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. భైరవుడి గుడి ముందు 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు, ఉదయగిరిని ఏలిన భాస్కరుడు వేయించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని అందులో ఉంది: నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి నేల, తీపి నీటి ఏరు, దగ్గర్లో పొడుగాటి రాళ్లు దొరికే క్వారీ, పనితనం ఉన్న కూలీలు వగైరా. ఆపైన ఆరు దోషాలు: కట్ట ఊట, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం. సరిహద్దును కూడా దోషంగా లెక్కేశారంటే నీటి తగాదాలు వాళ్లకు ఎంత బాగా తెలుసో చూడండి.

మొదటి దోషాన్ని మేం ఇప్పటికీ వెతుకుతాం. నిండు చెరువు కట్టకు బయటి వైపు, అడుగున తడి కనిపిస్తే ఆ నీళ్లను దోసిట్లోకి తీసుకుని చూడాలి. తేటగా ఉంటే కాపలా పెట్టి గమనిస్తాం. బురదగా ఉంటే లోపల మట్టి కొట్టుకుపోతోందన్నమాట, ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

అపోహ: రాజు తలచుకుంటే చెరువు లేచింది.

రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలే వంద బండ్లు, రెండేళ్ల పని. ఈ లెక్క కూడా ఆ శాసనంలోనిదే.

అపోహ: ఇది ఆ ఊరివాళ్ల గొప్పే, బయట ఎవరికీ పట్టదు.

అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ 2020లో దీన్ని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. కంభం చెరువు, కేసీ కెనాల్ కూడా అదే ఏడాది ఆ జాబితాలో చేరాయి.

అపోహ: పూడిక ఎంత లోతుగా తీస్తే అంత లాభం.

ఏ చెరువులోనైనా తూము గడప (నీళ్లు కాలువలోకి వెళ్లే దారి అడుగు మట్టం) కన్నా కిందికి తవ్విన చోట నిలిచిన నీళ్లు కాలువకు ఎక్కవు. పశువులకు, చేపలకు, భూమిలో ఇంకడానికి పనికొస్తాయి గానీ వరి మడికి రావు. అంతకన్నా ప్రమాదం, కట్ట పాదం దగ్గర జేసీబీతో తవ్వడం. దగ్గరగా మట్టి దొరుకుతుందని అక్కడే తోడేస్తే కట్ట కాళ్లు తీసేసినట్టే. పూడిక తీయండి, తప్పకుండా తీయండి, కానీ కట్టకు దూరంగా, తూము మట్టం చూసుకుని తీయండి.