ఒక్క మాటా మాట్లాడని గొర్రె ప్రపంచమంతా ఎలా తిరిగింది

షాన్ ద షీప్ కార్టూన్‌లో గొర్రె మాట్లాడదు, కుక్క మాట్లాడదు, చివరికి మనిషైన రైతు కూడా ఏదో గొణుగుతాడు తప్ప ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పడు. అయినా 2007లో బీబీసీ పిల్లల ఛానెల్‌లో మొదలైన ఆ సిరీస్ దాదాపు 170 దేశాలకు వెళ్లింది. బెంగళూరులో ఉండే మనలాంటి వాళ్లకి దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఇంట్లో తెలుగు, లిఫ్ట్‌లో కన్నడ, కింద ఆడుకునేచోట హిందీ, స్కూల్లో ఇంగ్లిష్. మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్‌కి కడప నుంచి వచ్చిన అమ్మమ్మ మనవడితో, వాడి బెంగాలీ ఫ్రెండుతో కలిసి ఆ గొర్రెని చూస్తూ ఎవరూ ఏమీ వివరించకుండానే వాళ్లతోపాటే పగలబడి నవ్వుతుంది, అదీ సరిగ్గా నవ్వాల్సిన చోటే.

భాష అడ్డం లేదు కాబట్టి అందరికీ నచ్చిందని చాలామంది తేల్చేస్తారు. నా దృష్టిలో అది సగం సమాధానమే. మాటలు తీసేస్తే సరిపోయేదైతే ప్రతి మూగబొమ్మా ఇన్నేళ్లు నిలబడాలి కదా.

1919లో ఫీలిక్స్ అనే కార్టూన్ పిల్లి వచ్చేనాటికి సినిమాకే మాటలు లేవు, కాబట్టి దానికి వేరే దారి లేదు. 1940లో అమెరికా దర్శకులు విలియం హానా, జోసెఫ్ బార్బెరా టామ్ అండ్ జెర్రీ మొదలుపెట్టేసరికి మాటలున్నాయి, కానీ వాళ్లు పెద్దగా వాడుకోలేదు. కథ నడిపే పని స్కాట్ బ్రాడ్లీ సంగీతానికి అప్పగించారు. టామ్ వేలు నలిగినప్పుడు వినిపించే ఆ భయంకరమైన కేక మాత్రం స్వయంగా విలియం హానాదే. ఆ తర్వాత 1960ల్లో పింక్ పాంథర్ వచ్చింది, 1990లో స్విట్జర్లాండ్ నుంచి పింగూ అనే పెంగ్విన్ వచ్చింది.

షాన్ వంశం మాత్రం వేరు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆర్డ్‌మన్ అనే స్టూడియో ఉంది, ప్లాస్టిసీన్ అనే మెత్తని బంకమట్టి బొమ్మల్ని చేత్తో కొంచెం కొంచెం కదుపుతూ ఫ్రేము తర్వాత ఫ్రేము ఫొటో తీసే చోటు. అక్కడి దర్శకుడు నిక్ పార్క్ తన తొలి వాలెస్ అండ్ గ్రోమిట్ సినిమాలో వాలెస్ అనే మనిషి పెంచుకునే గ్రోమిట్ అనే కుక్క చేత మాట్లాడిద్దామనే అనుకున్నాడు, గొంతు కూడా రికార్డు చేయించాడు. తీరా ఒక సీన్లో నోరు కదపడానికి చెయ్యి అందని చోట కుక్కని ఇరికించాల్సి వచ్చింది. సరేనని కనుబొమలు మాత్రం కదిపి చూశాడు. కుక్క మనసులో ఏముందో మొత్తం అందులోనే తెలిసిపోయింది, నోటితో పనే లేకపోయింది. ఆ సినిమా 1989లో వచ్చింది.

1995లో అదే జంట నటించిన ఇంకో సినిమాలో, ఉన్ని గొరిగేసి స్వెట్టర్ అల్లేసే యంత్రంలో పడి బయటికొచ్చిన చిన్న గొర్రెపిల్లే షాన్. ఆ సినిమాకి ఆస్కార్ వచ్చింది. తర్వాత సిరీస్ తీయాలనుకున్నప్పుడు డబ్బు, టైము లెక్కలు వచ్చాయి. బొమ్మ చేత మాట పలికించాలంటే పలుకు పలుక్కీ నోరు మార్చాలి, అలా చేస్తూ టీవీకి కావాల్సినన్ని ఎపిసోడ్లు తీయడం కష్టం. అంటే ఆ మౌనం ప్రపంచ మార్కెట్‌ని చూసి వేసిన ఎత్తు కాదు, చేతిపనికి ఉన్న పరిమితుల్లోంచి పుట్టింది. ఇంత జరిగాక, ఆ బొమ్మ 2022 నవంబర్‌లో నాసా మనుషులు లేకుండా పంపిన ఆర్టెమిస్ 1 యాత్రలో చంద్రుడి చుట్టూ కూడా తిరిగొచ్చింది.

దగ్గరగా చూస్తే అసలు విషయం కళ్లలో ఉంటుంది. కళ్లు పూసలు, నల్లగుడ్డు మధ్యలో సూది దూరేంత చిన్న రంధ్రం. యానిమేటర్ అందులో సూదిమొన పెట్టి చూపుని వెంట్రుకవాసి తిప్పుతాడు, రెప్ప కొంచెం దించుతాడు, ఫొటో తీస్తాడు, మళ్లీ మొదలు. రోజంతా కూర్చుంటే వచ్చేది కొన్ని సెకన్ల బొమ్మ. షాన్ ఏదైనా తుంటరి పని చేసే ముందు ఒక్క క్షణం ఆగి మనవైపు చూస్తాడే, ఆ ఆగడం కోసం ఒక మనిషి పూట పూటంతా ఖర్చుపెట్టి ఉంటాడు. ఇది నటన. మాట లేదు కాబట్టి నటన దాక్కోవడానికి చోటు లేదు.

ఇది మనకి తెలియని విద్యా కాదు. మన సింగీతం శ్రీనివాసరావు 1987లో కమల్‌హాసన్‌తో పుష్పక విమానం తీసింది ఈ బెంగళూరులోనే, ఒక్క డైలాగ్ లేకుండా. భాషకో పేరు పెట్టుకుని అదే సినిమా అన్నిచోట్లా ఆడింది. కర్ణాటక ప్రభుత్వం 2012లోనే యానిమేషన్‌కి ప్రత్యేక పాలసీ తెచ్చింది. ఈ ఊళ్లో బయటిదేశాల కార్టూన్లకి పనిచేసే యానిమేటర్లకి కొదవలేదు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మరి మన దగ్గర్నుంచి అలాంటి జంతువు ఎందుకు రాలేదంటే, పంచతంత్రం నాటి నుంచీ మన కథల్లో నక్క దగ్గర్నుంచి తాబేలు దాకా అన్నీ మాట్లాడతాయి, నీతి చెప్పందే ఊరుకోవు. కార్టూన్‌లోకి వచ్చినా అదే అలవాటు. ఇంకో కారణం డబ్బు. నిమిషానికింత అని రేటు కట్టి గడువు పెట్టే పనిలో, బొమ్మ ఊరికే ఆగి ఒక చూపు చూడటానికి పూటంతా ఎవరిస్తారు? ఆ టైముకి జీతమిచ్చే నిర్మాత ఒక్కడు దొరికినా, ఆ పని చేయగల చేతులు ఈ ఊళ్లో ఉన్నాయి.